క్యాంపర్ వ్యాన్ (ఎమ్మిగనూరు రకం)

క్యాంపర్ వ్యాన్ అంటే లోపలే వండుకొని, లోపలే పడుకొని, మనసైన చోట ఆగగలిగే బండి. ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల కనిపించే రకానికి ఈ మూడు లక్షణాల్లో ఒకటి కూడా పూర్తిగా లేదు. వంట బండి పక్కన చేస్తారు, పడక బండి కింద వేస్తారు, ఆగడం మనసును బట్టి కాక రేడియేటరును బట్టి జరుగుతుంది. అయినా ఇది క్యాంపర్ వ్యానే. ఏడాదిలో ఎక్కువ భాగం ఉల్లిగడ్డ సంచులనూ, ఆదోని మార్కెట్ యార్డుకు పత్తినీ మోసి, శివరాత్రికో ఉగాదికో కొన్నాళ్ళు ఇల్లుగా మారుతుంది. తుఫాను వాహనం, బొలేరో, ట్రాక్టరు ట్రాలీ, లారీ, ఏదైనా ఇందుకు పనికొస్తుంది. కావలసిన అర్హత ఒక్కటే: బండి యజమాని, పోయేవాళ్ళలో ఎవరికో ఒకరికి మామ వరస కావాలి. పరాయివాడి బండి అయితే మనం ఆలస్యం చేసేకొద్దీ వాడికి కోపం వస్తుంది. మామ బండి అయితే ఆలస్యం చేసేది మామే కాబట్టి ఎవరికీ కోపం రాదు.

సరుకుల బండిలో మనుషులను ఎక్కించకూడదని మోటారు వాహనాల చట్టం ఉంది. పోలీసులు ప్రతి జాతరకూ ఆ మాట గుర్తుచేస్తారు. అందుకని బుద్ధిగల కుటుంబాలు సామాను బొలేరోకూ, మనుషులను తుఫానుకూ పంచుతాయి. పంపకం కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. తీరా బయలుదేరాక చూస్తే సామాను మధ్య ఒక అవ్వ, మనుషుల మధ్య ఒక గ్యాస్ సిలిండరు ఉండనే ఉంటాయి.

ఈ బండి పోయేది శ్రీశైలానికి. బండిదో దారి, మనుషులదో దారి. మనుషులు ఆత్మకూరు దగ్గర దిగి, నల్లమల అడవిలో కొండల నడుమ ఉన్న చెరువూ, కుంటా, కొలనూ దాటుకుంటూ నడుస్తారు. వాళ్ళ ఇల్లు మాత్రం ఘాట్ రోడ్డు మీద చుట్టు తిరిగి వస్తుంది. మిగతా ప్రపంచంలో క్యాంపర్ వ్యాను గలవాడు కొండ కొలను ఒడ్డున బండి నిలిపి, తలుపు తీసి, టీ తాగుతూ నీళ్ళను చూస్తాడు. ఇక్కడ మనిషి కొలను ఒడ్డున ఉన్న సమయంలో టీ గిన్నె దోర్నాలలో ఉంటుంది.

ఇంటిని చక్రాల మీద పెట్టుకొని సరదాకు తిరిగిన తొలి పెద్దమనుషుల్లో విలియం గోర్డన్ స్టేబుల్స్ ఒకడు. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, పిల్లల కథల పుస్తకాలు రాసుకుంటూ ఉండేవాడు. 1885లో బ్రిస్టల్‌లో రెండు గుర్రాల బండి ఒకటి కట్టించి, దానికి ‘ది వాండరర్’ అని పేరు పెట్టి, దక్షిణ ఇంగ్లండు నుంచి స్కాట్లండుకు తోలుకుపోయాడు. వెంట బండివాడు, సేవకుడు, ఒక కుక్క, ఒక కాకతువ్వ. సేవకుడి పని మూడు చక్రాల సైకిలెక్కి ముందుగా పోయి దారి ఎలా ఉందో చూసిరావడం. ఎమ్మిగనూరు బండికి ముందు మోటారు సైకిళ్ళ మీద పోయే పిల్లకాయలకూ అప్పజెప్పింది ఇదే పని. వాళ్ళు దారి చూడటానికని పోయి, తర్వాతి ఊళ్ళో బజ్జీల బండి దగ్గర దొరుకుతారు. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచం, అల్మరా అమర్చడం మొదలుపెట్టేనాటికి గుర్రాల అవసరం తీరిపోయింది. మన దేశంలో కేరళ, మహారాష్ట్ర 2021లో కారవాన్ పర్యాటకానికి విధానాలే ప్రకటించాయి. ఏ దేశపు విధానమైనా మంచం ఎక్కడ పెట్టాలో చెబుతుంది గానీ, మంచం వద్దని నేల మీదే కూర్చుంటానని పట్టుబట్టే అవ్వను ఎక్కడ పెట్టాలో చెప్పదు.

తెలుగువాళ్ళలో ఈ విద్యకు మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా ఉండి, 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో ఆత్మకూరు మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం చూశాడు. అప్పుడు ఆ సీమ కందనవోలు (కర్నూలు) నవాబుది. కొండకు పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవాళ్ళు. కాబట్టి అడవి గేటు దగ్గర చీటీ తీసుకోవాల్సి వచ్చిందని ఇప్పుడు విసుక్కునేవాళ్ళకు పూర్వీకుల తోడు ఉంది. వీరాస్వామయ్య వెంట పల్లకీ, డేరాలు, వంటవాళ్ళు, పెద్ద పరివారం నడిచాయి. క్యాంపర్ వ్యానుకు కావలసినవన్నీ ఉన్నాయి, చక్రాలు తప్ప. చక్రాల చోట బోయీలు ఉన్నారు. వాళ్ళు ఆగాలంటే రేడియేటరు వేడెక్కనక్కర్లేదు, పల్లకీలో కూర్చున్నవారికి దయ కలిగితే చాలు.

బండిలో సంసారం పెట్టుకొని పోవడం పడమటి కర్నూలుకు సరదాగా అబ్బింది కాదన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకూ, పత్తి తీతకూ బియ్యం, పొయ్యి, బొంతలు, పిల్లలు, మేకపిల్ల అంతా ఒకే బండిలో ఎక్కి, చేను గట్టున గుడారం వేసుకుంటారు. బండిలో ఏది ముందు పెట్టాలి, ఏది పైన కట్టాలి, పసిబిడ్డకు ఉయ్యాల ఏ కొక్కేనికి వేలాడదీయాలి అన్న శాస్త్రమంతా అక్కడ నేర్చుకున్నదే. ఉగాది యాత్రలో సామాను సర్దేవాళ్ళ చేతులు అంత వేగంగా ఆడటానికి కారణం అదే. ఆ చేతులు ఎక్కడ ఆరితేరాయో తెలిసినవాడు ఆ సమయంలో హాస్యమాడడు.

ఇక బండి లోపలి నిర్మాణం. దీనికి గుడ్డ తప్ప మరో సరంజామా లేదు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి దుప్పట్లను, తువ్వాళ్ళను దేశమంతా నడిపించింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. బయటి దేశాల క్యాంపర్ వ్యానుకు ప్లైవుడ్డు, అల్యూమినియం, మడత బల్ల, జారుడు తలుపు ఎంతో ఎమ్మిగనూరు బండికి దుప్పటి అంత. కింద పరిస్తే పడక. అడ్డంగా కడితే గది. కిటికీకి కడితే ఎండ తెర. నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే స్త్రీలు చీర మార్చుకునే చోటు. చుట్టచుడితే దిండు. రొట్టెలు మూటగడితే డబ్బా. రేడియేటరు మూత తీయడానికి చేతికి చుట్టుకునేది కూడా అదే, కాకపోతే ఆ దుప్పటి ఎవరిదన్నది తర్వాత తేలుతుంది. పైన టార్పాలిన్ పట్ట, కింద ఒక వరుస వరిగడ్డి, మధ్యన దుప్పట్లు. ఇదే నిర్మాణం.

సామానులో మొదటి స్థానం జొన్నరొట్టెలది. యాత్రకు వారం ముందే వాడలో రొట్టెలు తట్టే చప్పుడు మొదలవుతుంది. పలుచగా తట్టి, కాల్చి, ఎండబెట్టిన రొట్టె నెలైనా చెడదు. కొత్తలో తినవచ్చు, పాతబడ్డాక పళ్ళెంగా వాడవచ్చు, మరీ పాతబడితే నానబెట్టి మళ్ళీ మొదటినుంచీ రావచ్చు. రొట్టెలకు తోడు బుడ్డల పొడి, గురెళ్ళ పొడి, ఎర్రకారం, ఉల్లిగడ్డలు. ఉగ్గాని కోసం రెండు మూటల బొరుగులు. బొరుగుల మూట బరువుండదు గానీ చోటు తింటుంది. ఒక మనిషిని దించితే తప్ప అది ఎక్కదు, దాన్ని దించితే తప్ప మనుషులకు ఉగ్గాని లేదు. ఈ చిక్కు ఏటా వస్తుంది, ఏటా మూటే గెలుస్తుంది. ఆ తర్వాత గుండిగ, కొప్పెర, నీళ్ళ డ్రమ్ము, స్టవ్వు, గరిటెలు, అవ్వగారి చిన్న రోలు. మిక్సీ వచ్చి ఇన్నేళ్ళయినా రోలు ఎందుకని అడిగినవాడికి, "నీ మిక్సీకి అడివిలో కరెంటు మీ నాయన ఇస్తాడా?" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. రోలు అడవికి రాదనీ, బండితోపాటు రోడ్డు మీదే పోతుందనీ ఆమెకు తెలుసు. కానీ జవాబు బాగుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

బయలుదేరే ముహూర్తం తెల్లవారుజాము. రాహుకాలం రాకముందే బండిని వీధి చివరి గుడి దగ్గరికి తోలి, యాత్ర మొదలైనట్టు లెక్క వేసుకొని, తర్వాత మూడు గంటలపాటు అక్కడే నిలిపి, ఇంట్లో మరచిపోయినవి ఒక్కొక్కటిగా తెచ్చుకోవడం సంప్రదాయం. శాస్త్రప్రకారం అప్పటికి అందరూ శ్రీశైలం దారిలో ఉన్నట్టే, ఇంటికి పోయి స్నానం చేస్తున్నవాళ్ళతో సహా. ఎక్కే వరసకూ ఒక పద్ధతి ఉంది. డ్రైవరు పక్క సీటు ఇంటి అల్లుడిది. కిటికీ పక్క సీటు వాంతులయ్యేవారిది. ఆ ఒక్కరోజుకు బండిలో సగంమందికి వాంతులయ్యే జబ్బు ఉంటుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు 30 కిలోమీటర్ల లోపే. అక్కణ్ణుంచి గోనెగండ్ల, కోడుమూరు, కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు. మొదటి మజిలీ ఊరు దాటిన కాసేపటికే వస్తుంది, ఎందుకంటే ఇంట్లో తిన్న ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ లేదు. ఆదోనివాళ్ళు ఈలోగా రణమండల కొండవైపు తిరిగి ఆంజనేయుడికి దండం పెట్టుకుంటారు. ఆ కొండ ఎక్కిన అనుభవమే తమకు పర్వతారోహణలో పట్టా అని వాళ్ళ నమ్మకం. నల్లమలలో మొదటి మెట్ల వరస దాకా ఆ పట్టా చెల్లుతుంది.

ఈ దారిలోనే కన్నడ భక్తులు ఎదురుపడతారు. ఉగాదికి రాయచూరు, బళ్ళారి, బాగల్‌కోట, బెళగావి వైపు నుంచి వేలమంది కాలినడకన వచ్చి, ఎమ్మిగనూరు మీదుగా శ్రీశైలం పోతారు. శ్రీశైలంలోని భ్రమరాంబ వాళ్ళ ఇంటి ఆడపడుచు. పుట్టింటి సారె పట్టుకొని పోవాలిగాని, బస్సెక్కి పోతే మర్యాద కాదు. భుజాన కంబి మోసేవాళ్ళు కొందరు, కర్రకాళ్ళ మీద నడిచేవాళ్ళు కొందరు. ఊరూరా పందిళ్ళు వేసి మజ్జిగ, అన్నం పెడతారు. వాళ్ళ కాళ్ళకు నూనె రాసి పిసికేవాళ్ళూ ఉంటారు. ఈ సీమలో సగం ఇళ్ళకు కన్నడం వచ్చు కాబట్టి "బర్రి, కుడీరి" అంటూ చెంబు అందించడానికి దుబాసీ అక్కర్లేదు. చిక్కల్లా బండివాళ్ళకే. అరికాళ్ళు పగిలి, నెత్తిన మూటతో వచ్చిన బెళగావి ముసలాయన మజ్జిగ తాగి, "మీరూ నడిచే పోతున్నారా?" అని అడుగుతాడు. నడుస్తున్నామని చెబితే అబద్ధం, లేదంటే అవమానం. "అడవిలో నడుస్తామయ్యా" అని నేలచూపులు చూస్తూ చెప్పి, వెనకాల బండి కనబడకుండా వరుసగా నిలబడతారు. బొరుగుల మూటను మాత్రం ఎంతమంది నిలబడ్డా దాచలేరు.

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర యాత్ర రెండు చీలికలవుతుంది. ఇక్కడినుంచి అడవి దారిలో శ్రీశైలం నలభై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు మీద దోర్నాల చుట్టి పోతే వంద దాటుతుంది. ఎవరు నడవాలి, ఎవరు బండిలో పోవాలి అన్నది ఊళ్ళోనే తేల్చుకొని వస్తారు. తేల్చుకున్నది ఇక్కడ తారుమారవుతుంది. నెల రోజులుగా నడుస్తానని చెప్పుకున్న నడివయసు మగవాళ్ళకు మోకాళ్ళు గుర్తొస్తాయి. బండిలోనే ఉండాలని అందరూ నిర్ణయించిన అవ్వ కొంగు బిగించి, చెప్పులు విడిచి, అందరికన్నా ముందు అడవిలోకి పోయి ఉంటుంది. ఆమెను వెనక్కి పిలవడానికని ఇద్దరు పోతారు, వాళ్ళూ నడకలో కలిసిపోతారు. ఆ విధంగా నడిచే జట్టు తయారవుతుంది. అవసరమైనవే తీసుకుపోవాలని పెద్దాయన ఆజ్ఞ. అందరి సంచులూ తేలికగానే బయలుదేరతాయి. బండి కదిలే ముందు ఒక పిన్నమ్మ పరుగెత్తుకొచ్చి, "దారిలో ఆకలైతే తినండ్రా" అని ఒక్కో సంచిలో ఒక్కో మూట దూరుస్తుంది. నాగలూటి చేరేసరికి ఆ మూటలో ఏముందన్న కుతూహలమూ, దాన్ని ఎక్కడ పారేయవచ్చన్న ఆలోచనా సరిసమానంగా పెరుగుతాయి.

నాగలూటిలో వీరభద్రుడి గుడి ఉంది. ఇక్కడినుంచి అసలు ఎక్కుడు. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర. ఈ దారిలోని రాతిమెట్లు కూడా రెడ్డిరాజుల నాటివని చెబుతారు. ఆ కాలపు మనుషుల కాలి కొలత ఇప్పటివాళ్ళ కొలతకు ఒకటిన్నర రెట్లు ఉండేదని మెట్టు ఎత్తును బట్టి ఎవరైనా ఊహించగలరు. మెట్ల పైన దారి పలుచని అడవిలో పడుతుంది. ఉగాది నాటికి చెట్లు ఆకురాల్చి, నీడ ఇచ్చే పని మానేసి ఉంటాయి. వేసవి దారి కాబట్టి మజిలీలన్నీ నీళ్ళను బట్టే ఏర్పడ్డాయి: దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను. పటం అక్కర్లేదు, దప్పిక చాలు.

ఈ దారిలో దూరం కొలిచే పద్ధతి వేరు. "ఇంకెంత దూరమన్నా?" అని ఎవరిని అడిగినా "రెండు కిలోమీటర్లు" అంటారు. నాగలూటిలో అడిగితే పెచ్చెరువు రెండు కిలోమీటర్లు, దామెర్లకుంటలో అడిగినా రెండే, గంట నడిచాక అడిగినా రెండే. ఇది అబద్ధం కాదు, ఒక వైద్యం. నిజం చెబితే అక్కడే కూర్చునేవాడు ఆ రెండు కిలోమీటర్ల ఆశతో మూడు కొండలు దాటుతాడు. నిజం చెప్పేది ఒక్క చెంచులే. "పొద్దుగూకుతాది" అని వాళ్ళు సూర్యుడిని చూపిస్తారు. అదే సరైన కొలత. కానీ దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

పెచ్చెరువు ఈ యాత్రకు గుండెకాయ. కొండల నడుమ చెరువు, దాని పక్కన చెంచుగూడెం, చెట్ల కింద వేలమంది మనుషులు. రాత్రి బస చాలామందికి ఇక్కడే. అన్నదానం చేసేవాళ్ళు అంత దూరం బియ్యం, పప్పు మోసుకొచ్చి వండి పెడతారు. సాయంత్రం వేళ చెరువు చూడముచ్చటగా ఉంటుంది. వేరే సీమల వాళ్ళయితే ఒడ్డున కూర్చొని, కొండల నీడలు నీళ్ళలో ఎలా పడ్డాయో చెప్పుకుంటారు. ఆదోని, ఎమ్మిగనూరు రైతుకు నీళ్ళు కనబడగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ఇది మన ఊళ్ళో ఉంటే ఎన్ని ఎకరాలు పారేదప్పా!" రెండో రైతు ఇరవై అంటాడు. మూడోవాడు తూము ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు. నాలుగోవాడు కట్ట ఇంకో రెండు గజాలు ఎత్తాలంటాడు. కాసేపట్లో ఊహల్లోనే చెరువుకు కాలువ తవ్వి, ఆ కాలువ పై ఊరివాళ్ళు అడ్డుకట్ట వేసి, కింది ఊరికి చుక్క రాక, రెండు వర్గాలుగా చీలి మాట మాట అనుకుంటారు. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టులో పుట్టి పెరిగినవాడు నీళ్ళను అందంగా చూడటం ఇంకా నేర్చుకోవాలి. చూడటానికి ముందు పంచుకోవాలి గదా.

ఇదంతా వింటూ కూర్చున్న చెంచు యువకుడు, చెరువు నీళ్ళు ఇప్పుడు తాగడానికని, పొద్దున్నే జంతువులకూ కావాలని నెమ్మదిగా చెబుతాడు. జంతువులంటే ఏవని ఎవరో అడుగుతారు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, 1983 నుంచి పులుల సంరక్షణ పథకం కింద ఉన్నది, దేశంలో ఇంత పెద్దది మరొకటి లేదు. ఈ సమాచారం పగలు విన్నప్పుడు గర్వంగా ఉంటుంది. రాత్రి విన్నప్పుడు పడకలు దగ్గరికి జరుగుతాయి. చివరన పడుకున్నవాడు లేచి మధ్యలోకి వస్తాడు, అప్పుడు ఇంకొకడు చివరనవుతాడు, వాడూ లేస్తాడు. ఈ వరస తెల్లవారే దాకా నడుస్తుంది. అంతమంది మనుషులు, అన్ని గురకలు, ఎండు జొన్నరొట్టె కొరికే ఆ చప్పుడూ ఉన్నచోటికి బుద్ధున్న పులి ఏదీ రాదని అటవీశాఖ మనిషి ధైర్యం చెబుతాడు. ఎక్కడ ప్లాస్టిక్ పారేయకూడదో, ఎక్కడ నిప్పు పెట్టకూడదో కూడా ఆయనే చెబుతాడు. మొదటి మాట విన్నంత శ్రద్ధగా రెండోది ఎవరూ వినరు.

మఠంబావి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు తాగుతారు, కాళ్ళు చాపుతారు, మూటలో ఏముందో విప్పి చూస్తారు. ఓళిగలు. పారేయనందుకు తమను తామే మెచ్చుకుంటారు.

భీమునికొలను మాత్రం వేరు. ఇది లోయ. రాతి గోడల మధ్య లోతుకు దిగాలి, అడుగున కొలను, మళ్ళీ అంతకన్నా నిటారుగా అవతలికి ఎక్కాలి. ద్రౌపదికి దప్పికైతే భీముడు గదతో బండను కొట్టాడని, నీళ్ళు ఉబికాయని కథ. ద్రౌపదికి అంత దప్పిక ఎందుకైందో దిగినవాళ్ళకు వివరించనక్కర్లేదు. నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒళ్ళు తడుపుకున్నవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. దిగేటప్పుడు కీర్తనలు, పాటలు, ఒకరినొకరు ఆటపట్టించడం ఉంటాయి. ఎక్కేటప్పుడు ఉండవు. కైలాసద్వారం దాకా మెట్లు తలెత్తి చూస్తే ఆకాశంలో కలుస్తాయి, అందుకని అనుభవజ్ఞులు తలెత్తవద్దంటారు. ముందు పోతున్నవాడి మడమల మీద చూపు నిలిపి ఎక్కాలి. అవ్వ పద్ధతి ఇంకా సులువు. పది మెట్లకోసారి కూర్చొని, పక్కన ఆయాసపడుతున్న కుర్రాడిని ఏ ఊరు, ఎవరి కొడుకు, పెళ్ళయిందా అని అడుగుతుంది. జవాబు చెప్పేలోగా వాడి ఊపిరీ సర్దుకుంటుంది, ఆమె ఊపిరీ సర్దుకుంటుంది. కైలాసద్వారం చేరేటప్పటికి రెండు సంబంధాలు సగం కుదిరి ఉంటాయి.

ఇంతలో బండి ఏం చేస్తోందో చూడాలి. ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాల, అక్కణ్ణుంచి ఘాట్. మామూలు రోజుల్లో ఈ అడవి రోడ్లమీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. సమయానికి చెక్‌పోస్టు దాటని బండి గేటు ముందు వరసలో ఆగిపోతుంది. నడిచేవాళ్ళను తలచుకొని బాధపడుతూ, బండిలోవాళ్ళు అక్కడే వండుకొని తింటారు. బాధలో ఆకలి ఎక్కువవుతుంది కాబట్టి రెండోసారి టీ కూడా పెడతారు. పొద్దున్నే ఘాట్‌లో కోతులు బండి ఎక్కుతాయి. బొరుగుల మూట ఎంత చోటు తింటుందో ఇన్నాళ్ళూ తిట్టుకున్నవాళ్ళంతా దాన్ని కాపాడటానికి కర్రలు పట్టుకుంటారు.

ఘాట్ రోడ్డు శిఖరం మీదుగా పోతుంది. శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి చూసినవాడికి శ్రీశైల శిఖరం కనబడితే మళ్ళీ జన్మ లేదని తరతరాల నమ్మకం. అడవి దారిలో వచ్చేవాళ్ళు కైలాసద్వారం నుంచి హటకేశ్వరం వైపు వచ్చేస్తారు. శిఖరం వాళ్ళ దారిలో పడదు. అంటే కాళ్ళు బొబ్బలెక్కేటట్టు కొండలు ఎక్కి దిగినవాళ్ళు మళ్ళీ పుట్టాల్సిందే. మోకాళ్ళ నొప్పని బండిలో పడుకొని వచ్చిన మామకు మోక్షం. ఈ అన్యాయం ఏటా చర్చకొస్తుంది. మామ తనకు నిద్రలో ఏమీ కనబడలేదని చెప్పి, అందరితోపాటు మళ్ళీ పుట్టడానికి ఒప్పుకోవడంతో ఆ ఏటికి సద్దుమణుగుతుంది.

శ్రీశైలంలో రెండు జట్లు కలుసుకోవడం ఈ యాత్రలో అన్నిటికన్నా కష్టమైన పని. అడవిలో ఫోనుకు సిగ్నలు లేదు, ఇక్కడ సిగ్నలు ఉన్నా లక్షల గొంతుల మధ్య మాట వినబడదు.

"యాడుండారప్పా?"

"ఈడే ఉండాం."

"ఈడంటే యాడ?"

"అదే, మన బండి కాడ."

"బండి యాడుంది?"

"ఈడే."

ఆ పైన గుర్తు చెబుతారు: ఎర్ర గీతల ఎమ్మిగనూరు దుప్పటి కట్టిన బండి. నిలిపిన బండ్లలో సగం పడమటి కర్నూలువి. వాటిలో ఎర్ర గీతల దుప్పటి కట్టనిది ఒక్కటీ లేదు. మూడు బండ్లలోకి తొంగిచూసి, రెండు చోట్ల అన్నం తిని, నాలుగోదానిలో అవ్వ రోలును గుర్తుపట్టి నడకవాళ్ళు ఇంటికి చేరతారు. రోలు వెంట రావడంలోని ప్రయోజనం ఇక్కడ బోధపడుతుంది.

దర్శనం సంగతి దేవుడికీ భక్తుడికీ సంబంధించింది. తిరిగిపోయేటప్పుడు సాక్షి గణపతి దగ్గర ఆగడం మాత్రం అందరికీ నియమం. కలం, పుస్తకం పట్టుకొని కూర్చున్న ఆ వినాయకుడు ఎవరెవరు శ్రీశైలం వచ్చారో రాసుకుంటాడు. నడిచి వచ్చినవాళ్ళు తమ పేరు పక్కన ఆ మాట కూడా రాయమని మొక్కుకుంటారు. బండిలో వచ్చినవాళ్ళు ఊరికే పేరు రాస్తే చాలంటారు.

తిరుగు ప్రయాణంలో అందరూ బండిలోనే. రొట్టెలు తరిగినా బరువు తరగదు. తినిపోయిన రొట్టెల చోటులోకి ప్రసాదం, విభూతి, పాతాళగంగ నీళ్ళ సీసాలు, ఎవరో కొన్న చెక్క బొమ్మలు, కాళ్ళు ముడుచుకోలేక చాపుకున్న నడకవాళ్ళు వచ్చి చేరతారు. ఎవరూ కిటికీ పక్క సీటు అడగరు. వాంతుల జబ్బు కొండ మీదే నయమైపోయింది. అల్లుడి ముందు సీటు ఇప్పుడు అవ్వది. ఆమె డ్రైవరుకు దారి చెబుతూ ఉంటుంది. అతను వింటున్నట్టు తలూపుతూ తన దారిన తోలుతుంటాడు.

ఊరు చేరిన మరునాడు బండి కడిగి, గడ్డి ఊడ్చి, పట్ట మడిచిపెడతారు. అదే సాయంత్రం దాన్లో ఉల్లిగడ్డలు ఎక్కుతాయి. ఆ పక్కనే అరుగు మీద ఖర్చుల లెక్క తేలుస్తారు. డీజిలు, టోలు, సిలిండరు, బియ్యం కూడి, తలకింత అని పంచుతారు. నడిచినవాళ్ళు సగం దారి బండెక్కలేదు కాబట్టి సగమే ఇస్తామంటారు. బండిలోవాళ్ళు, మీ సంచులూ రోలూ పూర్తి దారి ఎక్కాయి గదా అంటారు. చంటిపిల్లలు తలల్లోకి వస్తారా, డ్రైవరు తలా కాదా, రెండు బండ్లలో అన్నం తిన్నవాడి భోజనం ఎవరి లెక్కలో వేయాలి అన్నవి తేలేసరికి చీకటి పడుతుంది. తేలని పైకం మామ పద్దులో రాసి పుస్తకం మూస్తారు.